ఐదు మీటలు, పది అంకెలు: పాత ఎక్స్‌ప్లోరర్ కీప్యాడ్ డైరీ

జూన్ 7, శనివారం

పంచెకు జేబు ఉండదు. ఈ ప్రాజెక్టు మొత్తానికి మూలకారణం అదే.

నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది. ఈ రోజు ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి తీసుకువెళ్ళాను. ఆయన మాట కాదనలేక నేనూ పంచె కట్టాను. ఫోను, తాళంచెవి సీటు మీద పెట్టి, వెనక సీట్లోంచి కొబ్బరికాయ, పూల సంచి తీసుకున్నాను. అలవాటు కొద్దీ తలుపు మీది లాక్ మీట నొక్కి దభీమని మూసేశాను. మూసిన మరుక్షణంలో అర్థమైంది.

దర్శనం బాగానే జరిగింది. ఆ తరువాత పార్కింగులో డాలస్ ఎండలో ముప్పావు గంట. ఎవరో ఫోను ఇస్తే తాళాలు తీసే మనిషిని పిలిపించాను. అతను తలుపు సందులో గాలితో ఉబ్బే సంచీ దూర్చి, పొడవాటి ఊచతో లోపలి మీటను నొక్కాడు. రెండు నిమిషాల పని. ఇచ్చిన డబ్బు ఇక్కడ రాయను, మా ఆవిడ కూడా ఇది చదువుతుంది.

అతని కోసం నిలబడి ఉన్నప్పుడు నాన్నగారు డ్రైవర్ తలుపు కేసి చూపించి, "హ్యాండిల్ పైన అంకెలు ఉన్నాయి కదా, అవి ఎందుకు?" అని అడిగారు.

"అవి నొక్కితే తలుపు తెరుచుకుంటుంది నాన్నగారూ. కానీ దాని కోడ్ నా దగ్గర లేదు."

"బండి కొని ఎన్నేళ్ళైంది?"

మూడేళ్ళు. జవాబు చెప్పకుండా ఎండ గురించి మాట్లాడాను.

సాయంత్రం ఇంటికి వచ్చాక ఒక పరీక్ష చేశాను. బండి 2004 మోడల్ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్. ఫోర్డ్ వాళ్ళు ఈ మీటల తాళాన్ని 1980 మోడల్ థండర్‌బర్డ్ లాంటి కార్లతో మొదలుపెట్టారు, నేటికీ ఇస్తున్నారు. అడ్డంగా ఐదు మీటలు. ఒక్కో మీట మీద రెండేసి అంకెలు: 1-2, 3-4, 5-6, 7-8, 9-0. చివరి రెండు మీటలూ కలిపి నొక్కితే కోడ్ అవసరం లేకుండానే తలుపులన్నీ లాక్ అవుతాయి. నొక్కాను. నాలుగు తలుపులూ టక్కుమన్నాయి. అంటే కీప్యాడ్ బతికే ఉంది, కనీసం రెండు మీటల మేరకు.

జూన్ 8, ఆదివారం

కోడ్ వేట. కొత్త బండితో ఐదంకెల కోడ్ అచ్చు వేసిన చిన్న కార్డు ఇస్తారు. పర్సులో పెట్టుకోమని. ఇరవై ఏళ్ళలో చేతులు మారిన బండికి ఆ కార్డు ఏ పర్సులో ఉందో ఎవరికి తెలుసు? డీలరు దగ్గరికి వెళితే కంప్యూటర్ తగిలించి చదివి చెబుతారు, రుసుము తీసుకుంటారు. నిన్నటి ఖర్చు తరువాత ఆ ఆలోచన చేయలేదు.

మూడో దారి ఉంది. తలుపుల తాళాలను నడిపే పెట్టె మీద కోడ్ స్టిక్కర్ అంటించి ఉంటుంది. ఈ మోడల్‌లో అది వెనక కుడివైపు, జాకీ పెట్టే అర లోపల, ప్లాస్టిక్ పలక వెనక. జాకీ బయటికి తీశాను. తల పట్టదు, చెయ్యి మాత్రమే పడుతుంది. ఫోనులో వీడియో ఆన్ చేసి, లోపలికి దూర్చి, చేపల కోసం బురదలో తడిమినట్టు నెమ్మదిగా తిప్పాను. నాన్నగారు టార్చి పట్టుకున్నారు. ఆయన టార్చి పట్టుకుంటే వెలుతురు ఆయన చూడాలనుకున్న చోట పడుతుంది, మనం చూడాలనుకున్న చోట కాదు. నా చిన్నప్పుడు ఫ్యూజు వేసేటప్పుడు టార్చి నా చేతిలో ఉండేది, ఇదే ఫిర్యాదు ఆయన చేసేవారు.

నాలుగో వీడియోలో స్టిక్కర్ దొరికింది. నాలుగు అంకెలు స్పష్టంగా ఉన్నాయి. మూడో అంకె మాత్రం చెరిగిపోయింది. 5 కావచ్చు, 6 కావచ్చు. ఇంకో మూడు ఫోటోలు తీశాను. పెద్దది చేసి చూశాను, రంగులు మార్చి చూశాను. నాన్నగారు కళ్ళజోడు పైకెత్తి చూసి 6 అన్నారు. నేను 5 అన్నాను. పదిహేను నిమిషాలు దాని మీద చర్చ.

ఆఖరికి ఆయనే బండి దగ్గరికి వెళ్ళి మీటలను చూసి, "ఒరేయ్, రెండూ ఒకే మీట మీద ఉన్నాయి కదరా!" అన్నారు.

నిజమే. 5 అయినా 6 అయినా నొక్కేది ఒకే మీట. ఇంజనీరింగ్ చదివిన వాడికి తట్టలేదు, జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన ఆయనకు తట్టింది. వెంటనే ఆయన రెండో ప్రశ్న: "ఐదు మీటలే ఉన్నప్పుడు పది అంకెలు ఎందుకు రాసినట్టు?"

గుర్తుంచుకోవడానికి అని చెప్పాను. మనుషులకు ఫోను నంబర్లు, పుట్టిన తేదీలు గుర్తుంటాయి. అవి పది అంకెలతో ఉంటాయి. "అంటే మనకు పది, తాళానికి ఐదు" అన్నారు. ఆ మాట వారమంతా నా బుర్రలో తిరిగింది.

ఇక కోడ్ నొక్కాను. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాను. ఒక్కో అంకెకూ మధ్య ఐదు సెకన్లకు మించి ఆగకూడదు. ఆగలేదు. అయినా లేదు. కోడ్‌లో 3-4 మీట రెండు సార్లు ఉంది. దాన్ని నొక్కినప్పుడు వేలికింద మిగతా వాటిలా టిక్కుమనడం లేదు, మెత్తగా దిగబడుతోంది. దోషి దొరికాడనుకున్నాను.

జూన్ 14, శనివారం

ఇక్కడ నేను తెలివితక్కువ పని చేశాను. తీగ, మీట బాగున్నాయో లేదో చెప్పే మల్టీమీటర్ ఇంట్లో ఉంది, వాడలేదు. నేరుగా పాత కార్ల యార్డుకు వెళ్ళాను. మన పనిముట్లు మనమే తీసుకువెళ్ళి, కావలసిన భాగం మనమే విప్పుకుని, గేటు దగ్గర డబ్బు కట్టే చోటు. నాన్నగారికి ఆ స్థలం బాగా నచ్చింది. వరసల కొద్దీ బళ్ళు, అన్నిటికీ బానెట్లు లేచి ఉన్నాయి. "నోళ్ళు తెరిచిన మొసళ్ళలా ఉన్నాయి" అన్నారు.

2005 ఎక్స్‌ప్లోరర్ ఒకటి దొరికింది. దాని తలుపు విప్పడం నాకు మంచి సాధన అయింది. లాగే పిడి లోపల స్క్రూలు, కిటికీ మీటల పలక కింద ఇంకొకటి. అవి తీసి లోపలి పలకను నిలువునా పైకి ఎత్తాలి, మన వైపు లాగకూడదు. లాగితే కొక్కేలు విరుగుతాయి. ఆ బండిలో నేను రెండు విరగ్గొట్టాను, నా బండిలో ఒకటీ విరగలేదు. పలక వెనక జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. వాన నీరు లోపలికి రాకుండా అది కాపలా. దాన్ని చింపకుండా ఒక మూల నుంచి వలుచుకుంటూ రావాలి.

వేరే బండి కీప్యాడ్ వేస్తే కోడ్ మారదా అని నాన్నగారి సందేహం. మారదు. కీప్యాడ్‌లో ఉన్నవి ఉత్త మీటలే. కోడ్ ఉండేది వెనక ఉన్న పెట్టెలో. కాలింగ్ బెల్ మీట మార్చినంత మాత్రాన ఇల్లు మారదు కదా.

ఇంటికి వచ్చి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, నా తలుపు ఊడదీసి, తెచ్చిన కీప్యాడ్ బిగించాను. మీటలన్నీ చక్కగా టిక్కుమంటున్నాయి. కోడ్ నొక్కాను.

తెరుచుకోలేదు.

నాన్నగారు ఏమీ అనలేదు. మజ్జిగ తెచ్చి ఇచ్చారు.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు మొదటే మల్టీమీటర్ తీశాను. బీప్ వచ్చే గుర్తు మీద పెట్టి ముందు పాత కీప్యాడ్ పట్టుకున్నాను. ఉమ్మడి తీగకు ఒక ముల్లు, మీట తీగకు ఇంకో ముల్లు. నొక్కితే బీప్, వదిలితే నిశ్శబ్దం. 1-2 బీప్. 3-4 బీప్! ఐదూ పనిచేస్తున్నాయి. మెత్తబడింది పైన ఉన్న రబ్బరు మాత్రమే, ఎండకు. లోపలి మీటకు ఏ రోగమూ లేదు. నిన్న తెచ్చింది అక్కర్లేని సరుకు.

అయితే తప్పు తీగలో ఉండాలి. తీగ ఎక్కడ తెగుతుంది? ఎక్కడ వంగుతుందో అక్కడ. తలుపుకూ బండి శరీరానికీ మధ్య, మడతబందుల దగ్గర, ముడతలు ముడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపు తీగలన్నీ దాంట్లోంచే వెళతాయి. తలుపు తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా అవి వంగుతాయి. ఇరవై ఏళ్ళు. రబ్బరు గొట్టాన్ని వెనక్కి తోస్తే లోపల నీలం రంగు టేపు కనిపించింది. నాకంటే ముందు ఎవరో ఇక్కడికి వచ్చారు. తెగిన తీగను రెండు వైపులా మెలేసి, టేపు చుట్టి వెళ్ళిపోయారు. టేపు జిగురు ఎండి చేతికి పొరలు పొరలుగా వచ్చింది. మెలిక ఊడిపోయి రెండు కొసలూ ఎదురెదురుగా, అలిగిన మొగుడూ పెళ్ళాల్లా.

వంగే చోట మెలేసిన తీగ నిలవదు. సోల్డరు పెట్టినా, గట్టిపడిన ఆ ముడి పక్కనే మళ్ళీ విరుగుతుంది. అందుకని పాత కొసలు కత్తిరించి, జానెడు కొత్త మెత్తటి తీగ వేసి, అతుకులు రెండూ రబ్బరు గొట్టానికి అవతల ఒకటి, ఇవతల ఒకటి వచ్చేలా చేశాను. వంగే భాగంలో అతుకు లేదు. అతుకుల మీద వేడికి ముడుచుకునే గొట్టం వేసి, మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడి చేశాను. అడిగే తీసుకున్నాను.

పాత కీప్యాడ్ నాకు ఇష్టమే గానీ, తెచ్చిన దాని రబ్బరు బాగుంది కాబట్టి అదే ఉంచాను. బ్యాటరీ తగిలించాను. నాన్నగారిని పిలిచి, కాగితం మీద రాసిన కోడ్ ఇచ్చాను. ఆయన ఒక్కో మీటా చూపుడు వేలితో, గడపకు బొట్టు పెట్టినట్టు, ఒత్తి పట్టుకుని నొక్కారు. ఐదోది నొక్కగానే డ్రైవర్ తలుపు టక్. వెంటనే 3-4 నొక్కమన్నాను. మిగతా తలుపులు టక్. మళ్ళీ కోడ్, తరువాత 5-6: వెనక అద్దం తెరుచుకుంది. ఆయన నాలుగు సార్లు వేసి తీసి, "ఇది బాగుంది" అని లోపలికి వెళ్ళారు. మా ఇంట్లో ఇంతకంటే పెద్ద ప్రశంస లేదు.

మిగిలిన లోటు ఒకటి: మీటల వెనక దీపం వెలగడం లేదు. మరో రోజు చూడాలి.

జూన్ 21, శనివారం

స్టిక్కర్ మీది కోడ్ శాశ్వతం, చెరపలేము. దానికి తోడు మన సొంత కోడ్ ఒకటి పెట్టుకోవచ్చు. ముందు పాత కోడ్ నొక్కాలి, ఐదు సెకన్లలోగా 1-2 నొక్కాలి, ఆపైన కొత్త ఐదంకెలు. తలుపులు ఒకసారి మూసుకుని తెరుచుకుంటే పని అయినట్టు.

ఏ ఐదంకెలు? నాన్నగారికి అంకెలు గుర్తుండవు. మాటలైతే వేల కొద్దీ పద్యాలు ఉన్నాయి. "కటపయాదిలో పెడదాం" అన్నారు.

అక్షరాలను అంకెలుగా మార్చే పాత పద్ధతి అది. స్కూల్లో చదివి మరిచిపోయిన వారి కోసం చెబుతున్నాను. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ దాకా మళ్ళీ 1 నుంచి 9, న సున్నా. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య నుంచి హ దాకా 1 నుంచి 8. గుణింతాలు లెక్కలోకి రావు, ఒత్తక్షరంలో చివరి హల్లే లెక్క. వచ్చిన అంకెలను వెనక నుంచి చదవాలి. మేళకర్త రాగాలకు పేర్లు ఇలాగే పెట్టారు: ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2, తిప్పితే 29వ మేళకర్త.

ఐదక్షరాల మాట కావాలి. నాన్నగారు ఆ పూట వంటింట్లోంచి వస్తూ "కాకరకాయ" అన్నారు. క 1, క 1, ర 2, క 1, య 1. తిప్పినా అదే, 11211. రాసుకుని కీప్యాడ్ దగ్గరికి వెళ్ళాక నవ్వు ఆగలేదు. 1, 2 ఒకే మీట మీద ఉన్నాయి. కాకరకాయ అంటే మొదటి మీట ఐదు సార్లు నొక్కడమే. పిల్లవాడు ఆడుకుంటూ తీసేయగలడు. యజమాని పుస్తకంలో కూడా ఒకే అంకె ఐదు సార్లు పెట్టవద్దని, వరస అంకెలు వద్దని రాసి ఉంది. కాగితం మీద రెండు అంకెలు, తాళం దృష్టిలో ఒకటే. గుమ్మడికాయ కాస్త నయం: 35311, తిప్పితే 11353. కనీసం మూడు మీటల మీద తిరుగుతుంది.

అప్పుడు లెక్క వేశాను. ఐదంకెల కోడ్ అంటే లక్ష అవకాశాలు అనుకుంటాము. తాళానికి కనిపించేది ఐదు మీటలే కాబట్టి ఐదును ఐదు సార్లు గుణించాలి: 3125. లక్ష ఎక్కడ, మూడు వేలు ఎక్కడ. ఇంకో కిటుకు ఉంది. ఈ కీప్యాడ్‌కు అయిపోయిందని చెప్పే మీట లేదు. మా బండి మీద చేసి చూశాను: ముందు ఒక తప్పు మీట నొక్కి, ఆగకుండా సరైన ఐదూ నొక్కితే తలుపు తెరుచుకుంది. అంటే అది చివరి ఐదింటినే చూస్తోంది. అలాంటప్పుడు దొంగ ప్రతి కోడ్‌నూ విడివిడిగా నొక్కనక్కరలేదు. ఒక కోడ్ తోక ఇంకో కోడ్ తల అయ్యేలా గొలుసు కడితే చాలు.

ఇది నాన్నగారికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఆయనే, "యమాతారాజభానసలగం లాగానా?" అన్నారు.

ఒక్క నిమిషం నాకు మాట రాలేదు. ఎనిమిదో తరగతిలో ఈయన దగ్గరే బట్టీ పట్టాను అది. గణాలు ఎనిమిది, ఒక్కోదానికి మూడక్షరాలు. విడివిడిగా రాస్తే ఇరవై నాలుగు అక్షరాలు. ఈ మాటలో ఉన్నవి పదే. యమాతా అంటే లఘువు, గురువు, గురువు: య గణం. ఒక్క అక్షరం జరిగితే మాతారా, మూడూ గురువులు: మ గణం. ఇంకొకటి జరిగితే తారాజ, త గణం. అలా చివర సలగం, స గణం దాకా. ఎనిమిది గణాలకు ఎనిమిది, చివరి గణం పూర్తి కావడానికి ఇంకో రెండు, వెరసి పది. మా తాళానికి 3125, చివరి కోడ్ పూర్తి కావడానికి ఇంకో నాలుగు, వెరసి 3129 నొక్కులు. ఇలాంటి గొలుసులకు నెదర్లాండ్స్ గణితవేత్త డి బ్రూయిన్ పేరు ఉంది, ఆయన వ్యాసం 1946 నాటిది. మన వాళ్ళు ఛందస్సు నేర్పడానికి కట్టుకున్నది పిల్లలందరికీ నోటికి వచ్చు.

సెకనుకు ఒకటి చొప్పున నొక్కితే 3129కి యాభై రెండు నిమిషాలు. ఇది విన్న మా ఆవిడ తాళం తీసేయమంది. కానీ తయారీదారు ఒక అడ్డు పెట్టారు. వరసగా 35 నొక్కులు, అంటే ఏడు కోడ్‌ల విలువ, తప్పు పడితే కీప్యాడ్ ఒక నిమిషం పలకదు. నాన్నగారు కావాలని తప్పులు నొక్కి పరీక్షించారు. నిజంగానే మొండికేసింది. రిమోటుతో తెరిస్తే మళ్ళీ మామూలైంది. ఆ లెక్కన మొత్తం గొలుసు నొక్కడానికి దాదాపు తొంభై సార్లు నిమిషం చొప్పున ఆగాలి. రెండు గంటల పైన నడి పార్కింగులో నిలబడి మీటలు నొక్కే ఓపిక ఉన్న దొంగ, ఒక్క రాయితో అద్దం పగలగొట్టుకుని పోతాడు. పైగా తలుపు తెరిచినంతలో బండి కదలదు, చిప్ ఉన్న తాళంచెవి లేనిదే ఇంజను పలకదు. ఆ తాళంచెవి లోపల పెట్టి వెళ్ళేటప్పుడు మాత్రం కనబడేలా సీటు మీద పెట్టకూడదు. నాకు తెలుసు, మీరు గుర్తు చేయనక్కరలేదు.

చివరికి నాన్నగారు వేరే మాట ఎంచుకున్నారు. నాలుగు మీటల మీద తిరుగుతుంది. అది ఇక్కడ రాయను. కూరగాయ మాత్రం కాదు.

జూన్ 28, శనివారం

మళ్ళీ అదే ఆలయం, మళ్ళీ పంచెలు. ఈ సారి ఫోను డాష్‌బోర్డు అరలో పెట్టాను. తాళంచెవి నాన్నగారికి ఇచ్చి అందులోనే పెట్టమన్నాను. నేను పూల సంచి తీసుకుని, తలుపులు మూసి, 7-8, 9-0 కలిపి నొక్కాను.

దర్శనం, ప్రదక్షిణలు, ప్రసాదం. తిరిగి వచ్చాక ఆయన్నే నొక్కమన్నాను. మొదటిసారి మూడో అక్షరం దగ్గర ఆగి ఆలోచించారు, ఐదు సెకన్లు దాటిపోయాయి. రెండోసారి మాటను పెదవుల మీద తిరగేసుకుంటూ, ఆగకుండా నొక్కారు. టక్. పక్కన బండి ఎక్కుతున్న ఒక పెద్దాయన చూసి, అది ఎలా పని చేస్తుందని తెలుగులోనే అడిగారు. నాన్నగారు ఎండలో నిలబడి గణాల దగ్గర నుంచి మొదలుపెట్టారు. నేను ఏసీ వేద్దామని లోపల కూర్చుని అర తెరిచాను.

ఫోను ఉంది. తాళంచెవి లేదు.

సీట్ల కింద చూశాను, మ్యాట్లు ఎత్తి చూశాను. ఆఖరికి నాన్నగారి చేతిలోని ప్రసాదం సంచి తీసుకుని తెరిస్తే, పులిహోర పొట్లం కింద ఉంది.

"బండిలో తాళంచెవి వదిలి ఎవరైనా వెళతారా?" అన్నారు.